కత్తెరక్కయ్య కోసిన మూడు మాటలు

మా చట్టసభ కార్యాలయంలో ప్రశ్నలకు ఒక బల్ల, జవాబులకు ఒక బల్ల ఉండేవి. ప్రశ్నల బల్ల ఆవిడది, జవాబుల బల్ల నాది. మధ్యలో ఒక చెత్తబుట్ట. ఇరవై తొమ్మిదేళ్లు అలా పక్కపక్కనే కూర్చున్నాం గానీ, ఆవిడ బల్ల మీంచి వెళ్లిన ప్రశ్నకూ నా బల్ల మీదికి వచ్చిన జవాబుకూ పొంతన కుదిరిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీకు నవ్వు రావచ్చు. నాకు దానికే జీతం ఇచ్చారు.

పని సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత మీరు తల గోక్కుంటారు. సభ్యుడు మంత్రిని ఏదైనా అడగాలంటే పదిహేను రోజుల ముందు కాగితం మీద రాసి మా గదికి పంపాలి. ఆ కాగితాన్ని ఆవిడ నిబంధనలకు సరిపడేలా కోసి మంత్రిత్వ శాఖకు పంపుతుంది. శాఖవాళ్లు జవాబు తయారుచేసి, సభకు ముందు రోజు సాయంత్రం సీలు వేసిన కవరులో నాకు పంపుతారు. నేను సరిచూసి, బీరువాలో పెట్టి తాళం వేసి, మర్నాడు సభ మొదలవడానికి అరగంట ముందు ఆ సభ్యుడి పెట్టెలో వేస్తాను. అప్పటిదాకా ఆ జవాబు నాకు తెలిసినా తెలియనట్టే. కట్టుకున్న భార్యకు కూడా చెప్పకూడదు. మా ఆవిడ ఎన్నడూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ప్రశ్నల బల్ల ఆవిణ్ని అందరూ కత్తెరక్కయ్య అనేవారు. చేతిలో ఉండేది ఎర్ర పెన్సిలే, కానీ ఆ పెన్సిలు తగిలిన వాక్యం మళ్లీ లేచింది లేదు. ప్రశ్నలో విశేషణం ఉండకూడదు. అనుమానం ఉండకూడదు. ఎత్తిపొడుపు ఉండకూడదు. మిత్రదేశం మనసు నొచ్చుకునే మాట అసలే ఉండకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, అడిగేవాడు తనకు తెలిసిన సమాచారాన్ని ప్రశ్నలోనే చెప్పేయకూడదు. ప్రశ్న ఉన్నది తెలుసుకోవడానికి గానీ తెలియజెప్పడానికి కాదని మా నిబంధనల పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం ఆవిడకు కంఠతా వచ్చు. సభ్యులు పూనకం వచ్చినట్టు రెండు పేజీలు రాసి పంపితే సాయంత్రానికి నాలుగు వరసలు మిగిలేవి. ఒకాయన తన పేరు కూడా కోసేస్తుందేమోనని భయపడి సంతకం అరపేజీ పెట్టేవాడు.

ఆ కత్తెర నన్నూ వదల్లేదు. "ఇవాళ ఎండ దారుణంగా ఉందక్కయ్యా" అంటే, "దారుణంగా తీసెయ్, ఉంది చాలు" అనేది. నన్ను 'జవాబూ' అని పిలిచేది. ఇన్నేళ్ల పరిచయంలో నా అసలు పేరు ఆవిడ నోట విన్న గుర్తు లేదు. పెళ్లి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "వచ్చిన సంబంధాలు నిబంధనలకు సరిపోలేదు" అని ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పేది. అసలు సంగతి నాకు తెలుసు. ఆవిడకు పదిహేడో ఏట తల్లి పోయింది. చంకలో అయిదేళ్ల తమ్ముడు మిగిలాడు. వాడికి అన్నం పెట్టి, ముక్కు తుడిచి, బడికి ఈడ్చుకెళ్లి, పాసు కాకపోతే వీపు విమానం మోత మోగించి పెంచింది. వాడికి చదువు ఒంటబట్టలేదు గానీ వంట ఒంటబట్టింది. సరుకు ఓడలో వంటవాడిగా చేరాడు. ఏడాదికోసారి వచ్చి మా గదిలో కూర్చుని, అక్క ముందే, "మా అక్క ఉప్పు కూడా నిబంధన ప్రకారం వేస్తుంది, అందుకే నేను వంట నేర్చుకున్నా" అని నవ్వించేవాడు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేది. లోకంలో ఆవిడకున్నది వాడొక్కడే.

సరే. ఒక ఏడాది చలికాలంలో, ఎక్కడో దూరాన రెండు దేశాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒకరికి మా దేశం సామాను అమ్ముతోంది, ఇంకొకరి దగ్గర నూనె కొంటోంది. కాబట్టి మా ప్రభుత్వం దృష్టిలో అక్కడ యుద్ధం లేదు. 'ఉద్రిక్త పరిస్థితి' ఉంది. రేవుల మీద పడేవి బాంబులు కావు, 'సంఘటనలు'. శాఖ నుంచి నాకొచ్చే జవాబులన్నీ ఒకే మూసలో ఉండేవి: "పరిస్థితిని నిశితంగా గమనించడం జరుగుతోంది." అయిదు నెలల పాటు అంత నిశితంగా గమనించినవాళ్లకు కళ్లజోళ్లు మారి ఉండాలి.

అక్కయ్య తమ్ముడి ఓడ ఆ రెంటిలో ఒక దేశపు రేవులో ఇరుక్కుపోయింది. కదలనివ్వరు, దిగనివ్వరు. వారానికోసారి ఫోను పనిచేసేది. "బియ్యం సగం బస్తా ఉంది అక్కా, ఉల్లిపాయలు మాత్రం బోలెడు. ఉల్లిపాయతో పాతిక రకాలు కనిపెట్టా" అనేవాడు. వెనకాల ధనధనమని మోత వినిపించేది. "ఏంట్రా ఆ చప్పుడు?" అని ఈవిడ అడిగితే, "గిన్నెలు అక్కా" అనేవాడు. గిన్నెలంత మోత మోగవని ఈవిడకూ తెలుసు. ఫోను పెట్టేసి పెన్సిలు తీసుకునేది. శాఖకు నలభై సార్లు ఫోను చేసింది. ప్రతిసారీ ఒకటే మాట, గమనిస్తున్నాం అని.

ఇంక లాభం లేదని, ఎన్నడూ గడప దాటి సభ్యుల గదులకు వెళ్లని మనిషి ఒకరోజు భూగోళం గారి దగ్గరికి వెళ్లింది. భూగోళం గారంటే విదేశీ వ్యవహారాల మీద గంటలు గంటలు మాట్లాడే సభ్యుడు. ఆయన బల్ల మీద నిజంగానే ఒక భూగోళం బొమ్మ ఉంటుంది. దాన్ని వేలితో తిప్పుతూ ముప్పావు గంట ఆ సముద్రపు దారి చరిత్ర చెప్పాడట. చివర్లో, "మీ తమ్ముడు ఒక వ్యక్తి కాదమ్మా, ఒక చారిత్రక సందర్భం" అన్నాడట.

"సార్, వాడు వంటవాడు" అని చెప్పి లేచి వచ్చేసింది. ఆ మాట నాకు చెప్పి పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. భూగోళాన్ని అలాగే దొర్లించుకుంటూ వెళ్లి మెట్ల మీంచి తన్నాలనిపించింది. తన్నలేదు. అలాంటివి నాకు అనిపించడమే గానీ చేయడం ఉండదు.

ఆ వారంలోనే కుళాయిల ఆయన వచ్చాడు. ఈయనా సభ్యుడే, చివరి వరస. మూడుసార్లు గెలిచి, మూడు విడతల్లోనూ కుళాయిల గురించి తప్ప ఒక్క ప్రశ్న వేయలేదు. ఏ వీధిలో ఏ కుళాయి ఎండిపోయింది, తాళం ఎవరి దగ్గరుంది, ఏ తేదీకి బాగవుతుంది. అంతే. సొంత పార్టీవాళ్లే ఆయన లేచి నిలబడితే కాఫీ తాగడానికి వెళ్లేవారు. అందరు సభ్యులూ సహాయకులతో ప్రశ్నలు పంపిస్తే, ఈయన స్వయంగా తెచ్చేవాడు, కోతల దగ్గర అక్కయ్యతో పోట్లాడటానికి. అదొక సరదా ఆయనకు.

"ఏంటమ్మా, పోయినసారి నా 'దుర్మార్గపు' ఎందుకు కోశావు?"

"విశేషణం."

"ఆ ఇంజనీరుని విశేషణం లేకుండా చూస్తే వాళ్లావిడే గుర్తుపట్టదు."

ఆ రోజు కూడా అదే ధోరణిలో వచ్చి కాగితం ఇచ్చాడు. అందులో కావాలనే మూడు చోట్ల 'నీచ నికృష్ట' అని రాసుకొచ్చాడు. అక్కయ్య చదివింది, ముద్ర వేసింది, పక్కన పెట్టింది. ఒక్క గీత గీయలేదు. ఆయన కాసేపు నిలబడి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆవిణ్ని ఆ మాట అడిగిన సభ్యుడు ఆయనొక్కడే.

చెప్పింది. అంతా విన్నాడు. తమ్ముడిదీ ఆయన ఊరేనని అప్పుడే తెలిసిందాయనకు. "రాయి. ప్రశ్న రాసివ్వు, సంతకం పెడతా" అన్నాడు.

"నేను రాయకూడదండీ. సిబ్బంది ప్రశ్న రాస్తే నేరం. నేను కోయడం వరకే."

"మరింకేం! నేను నోటికొచ్చిందంతా రాస్తా, నువ్వు కొయ్యి."

అక్కడే నా బల్ల మీద మోచేతులు పెట్టుకుని గంటసేపు రాశాడు. రెండు పేజీలు. ప్రభుత్వాన్ని, రెండు దేశాల్ని, సముద్రాన్ని, ఓడ యజమానిని, ఎవర్నీ వదల్లేదు. అక్కయ్య పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టింది. సముద్రం పోయింది, యజమాని పోయాడు, 'చేతగాని' పోయింది, 'యుద్ధం' పోయింది. తన తమ్ముడి ప్రశ్న కాబట్టి మామూలుకంటే ఎక్కువే కోసింది. రేపెవడైనా వేలెత్తి చూపితే, అదిగో పక్షపాతం అంటే? ఒకచోట పెన్సిలు ఆగింది. "ఓడలో చిక్కుకున్న మనవాళ్లు (వంటవాడితో కలిపి పంతొమ్మిది) అందరినీ" అని ఉంది అక్కడ. కాసేపు చూసి, ఆ మూడు మాటలూ కోసేసింది.

"అదెందుకమ్మా? అది తిట్టు కాదుగా" అన్నాడు కుళాయిల ఆయన.

"సమాచారం. మీకు తెలిసింది ప్రశ్నలో చెప్పకూడదు. ఎంతమందో వాళ్లనే చెప్పమనండి."

చివరికి మిగిలింది ఇది: (అ) సదరు ఓడలో ఉన్న మన దేశస్థులు ఎంతమంది; (ఆ) వారి పేర్లు, పనులు; (ఇ) ఏ తేదీకి తీసుకొస్తారు; (ఈ) తీసుకురాకపోతే కారణం. కుళాయిల ఆయన రెండుసార్లు చదువుకుని, "అచ్చం నా ప్రశ్నలాగే ఉంది" అని మురిసిపోయి సంతకం పెట్టాడు. కోసిన రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ప్రశ్నల వరస కోసం చీటీలు తీస్తే ఆయన ప్రశ్నకు నాలుగో నంబరు వచ్చింది. మూడోది భూగోళం గారిది. కుళాయిల ఆయన్ని సొంత పార్టీ పెద్ద ఒకాయన మా వసారాలోనే పట్టుకుని చీవాట్లు పెట్టాడు. "విదేశాంగ విధానం నీకెందుకయ్యా? పెద్దవాళ్లున్నారు దానికి. నీ కుళాయిలేవో నువ్వు చూసుకో."

"ఓడ ఉన్నది నీళ్లలోనే కదండీ" అన్నాడు కుళాయిల ఆయన చాలా మర్యాదగా.

బుధవారం సభలో ప్రశ్న. సోమవారం పొద్దున అక్కయ్య బిస్కెట్ల పొట్లంతో వచ్చింది. ఆవిడ బిస్కెట్లు కొనడం నేను చూసింది అదే మొదటిసారి. తమ్ముడు ఫోను చేశాడట. ఏ పక్షానికీ చెందని ఒక దేశం శుక్రవారం సహాయ నౌకను ఆ రేవులోకి పంపుతోందట. చిక్కుకున్నవాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోతుంది. ఎవరెవరిని ఎక్కించుకోవాలో వాళ్ల వాళ్ల ప్రభుత్వాలు ముందే జాబితా ఇచ్చాయి. జాబితాలో పేరుంటే ఎక్కుతారు, లేకపోతే లేదు. మళ్లీ వచ్చేది ఎప్పుడో, అసలు వస్తుందో రాదో తెలియదు. "ఇంక ఆ ప్రశ్నతో కూడా పని లేదు జవాబూ" అని రెండు బిస్కెట్లు నా ముందు పెట్టింది. "చాలా సంతోషం అక్కయ్యా" అన్నాను. "చాలా తీసెయ్" అనలేదు.

మంగళవారం సాయంత్రం అయిదింటికి కవర్లు వచ్చాయి. నేను కవర్లు విప్పేటప్పుడు ఆవిడ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చునేది. కళ్లు పొరపాటున కూడా నా బల్ల మీద పడకూడదని. ఇరవై తొమ్మిదేళ్లూ అంతే. ఆ రోజూ అలాగే తిరిగి కూర్చుంది. నేను నాలుగో నంబరు కవరు విప్పాను.

(అ) పద్దెనిమిది మంది.

జతచేసిన జాబితా తీశాను. కెప్టెను, ఇంజను పనివాళ్లు, తాళ్లు లాగేవాళ్లు, రంగులేసేవాడు. పద్దెనిమిది గళ్లు, పద్దెనిమిది పేర్లు. మూడుసార్లు చూశాను. అక్కయ్య తమ్ముడి పేరు లేదు. కింద చిన్న అక్షరాల్లో, "ఇదే జాబితా సహాయ నౌకకు అందజేయడమైనది" అని ఉంది.

నాకు నాలుగు అడుగుల దూరంలో ఆవిడ వీపు. కిటికీలోంచి చూస్తూ, ఎప్పుడూ లేనిది, ఏదో కూనిరాగం తీస్తోంది. నోరు తెరిచాను. "అక్కయ్యా" అన్నాను. "ఊఁ?" అంది తిరక్కుండానే. "ఏం లేదు, దగ్గు" అన్నాను. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. పింఛనుకు రెండేళ్లుంది నాకు. నా జీవితంలో చేసిన పిరికి పనులు రాస్తే ఆ చిట్టా మీ చేతిలో పట్టదు గానీ, మొట్టమొదటి వరసలో ఉండేది మాత్రం ఇదే.

రాత్రి నిద్రపోయానని చెబితే మీరు నమ్మరు, చెప్పను కూడా. పొద్దున పదిన్నరకు నిబంధన ప్రకారం జవాబు పెట్టెలో వేయవచ్చు. కానీ కుళాయిల ఆయన పెట్టె ఎన్నడూ తెరిచి చూడడు. అందులో పిచ్చుకలు గూడు కట్టుకున్నా ఆయనకు తెలియదు. అందుకని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, నేనే కాగితం పట్టుకుని ఆయన కోసం పరుగెత్తాను. మెట్ల దగ్గర దొరికాడు.

"ఏంటయ్యా, నువ్వు కదులుతావా?" అని ఆశ్చర్యపోయాడు.

"పదిన్నర దాటింది, కాబట్టి ఇవ్వొచ్చు" అన్నాను రొప్పుతూ. "జాబితాలో పేర్లు లెక్కపెట్టుకోండి. నేనేమీ చెప్పలేదు."

లెక్కపెట్టాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక మాట అన్నాడు. అది విశేషణమే, ఇక్కడ రాయను.

మా గదిలో గోడకు ఒక స్పీకరు పెట్టె ఉండేది, సభలో మాటలు వినిపించేది. అక్కయ్య తాను కోసిన ప్రశ్నను సభలో చూడటానికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజూ వెళ్లలేదు. బిస్కెట్ల పొట్లం బల్ల మీదే ఉంది. నేను వచ్చి కూర్చున్నాను. ఆవిడ ముఖం వైపు చూసే ధైర్యం చాల్లేదు.

పదకొండుకు ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి, గంటే సమయం. మూడో నంబరు దగ్గర భూగోళం గారు లేచారు. ప్రపంచశాంతి గురించి అడిగారు. విదేశాంగ మంత్రి ప్రపంచశాంతి గురించే జవాబిచ్చారు. ఆయన మళ్లీ అడిగారు, ఈయన మళ్లీ చెప్పారు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. వాళ్లకి అడ్డం పడేదేముంది? శాంతికి తారీకు ఉండదు, దాని తాళం ఏ గుమాస్తా దగ్గరా ఉండదు. నేను గడియారం చూస్తూ పళ్లు నూరుతున్నాను. పదకొండూ యాభై మూడుకు సభాపతి నాలుగో నంబరు పిలిచారు.

ఈ మంత్రిగారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయనకు చేతికిచ్చిన కాగితం చదవడం అలవాటు. ఏది ఇస్తే అది, అక్షరం పొల్లుపోకుండా, గంభీరంగా. ఒకసారి "ఇక్కడ ఆగి నీళ్లు తాగాలి" అని కూడా చదివి, నీళ్లు తాగారు. మేమంతా నవ్వుకున్నాం.

"అధ్యక్షా," అన్నారు మంత్రిగారు, "(అ) పద్దెనిమిది మంది. (ఆ) జాబితా జతపరచడమైనది. (ఇ), (ఈ) శుక్రవారం నాడు సహాయ నౌక ద్వారా తరలిస్తారు."

సభలో బల్లలు చరిచారు. మా గదిలో అక్కయ్య స్పీకరు వైపు తిరిగింది. "పద్దెనిమిదేంటి?" అంది. నన్ను కాదు, ఆ పెట్టెను అడిగింది.

కుళాయిల ఆయన గొంతు వినిపించింది. "సంతోషం అధ్యక్షా. జాబితాలో కెప్టెను ఉన్నాడు, ఇంజను వాళ్లున్నారు, రంగులేసేవాడు కూడా ఉన్నాడు. మరి వీళ్లందరికీ వంట ఎవరు చేస్తున్నారు?"

సభంతా గొల్లుమంది. "గౌరవ సభ్యులకు ఆకలేస్తున్నట్టుంది" అన్నారు మంత్రిగారు. ఇంకా నవ్వులు.

"వేస్తోందండీ. వంటవాడు ఏ నంబరులో ఉన్నాడో చెబితే తీరుతుంది."

"అధ్యక్షా, ఈ ప్రాంతం విషయంలో మన విదేశాంగ విధానం మొదటినుంచీ సుస్పష్టం..."

"విధానం ఎక్కడికీ పోదండీ, తర్వాత వింటాను. వంటవాడు ఓడలో ఉన్నాడా, లేడా? ఉంటే నంబరెంత? పేరు తీసేస్తే తీసేసిందెవరు, ఏ తేదీన?"

కుళాయి ఎండితే ఇంజనీర్లను ఇలాగే అడుగుతాడాయన. ఇరవై మాటలు మాట్లాడి తప్పించుకోవడానికి అందులో సందు ఉండదు. అధికారులు కూర్చునే చోట గుసగుసలు, కాగితాల చప్పుడు. ఎవరో చీటీ రాసి పంపారు. అది చేతులు మారి మంత్రిగారికి చేరింది. ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే గంభీరంగా అందుకున్నారు.

"'సార్, ఫారంలో గళ్లు పద్దెనిమిదే. పంతొమ్మిదో మనిషిని వెనకవైపు రాశారు. వెనకవైపు కాపీ తీయడం మరిచారు. సహాయ నౌకకు కూడా ఇదే వెళ్లింది. ఇది సభలో చదవకండి.'"

ఇన్నేళ్లలో ఆ స్పీకరు పెట్టెలోంచి అంత నిశ్శబ్దం నేను వినలేదు. తర్వాత ఒక్కసారిగా గోల. సభాపతి ఆ చీటీని రికార్డుల నుంచి తొలగించమన్నారు. ఆ గోలలోనే కుళాయిల ఆయన వదలకుండా, "సవరించిన జాబితా ఎప్పుడు పంపుతారు?" అన్నాడు. "తక్షణమే" అన్నారు మంత్రిగారు. "తక్షణమే అంటే ఎన్నింటికి?" "నాలుగింటికి." "పంపేది ఎవరు? ఆయన ఫోను నంబరు చెప్పండి, మూడున్నరకు గుర్తు చేస్తాను." గంట మోగింది. ప్రశ్నల సమయం అయిపోయింది.

అక్కయ్య రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. "వంటవాడితో కలిపి పంతొమ్మిది" అంది. "ఆయన రాశాడు. నేనే కోశాను. అది ఉండి ఉంటే శాఖలో ఒక్కడైనా చూసుకునేవాడు. నా తమ్ముణ్ని నేనే కోసేశాను జవాబూ."

నేనూ చెప్పేశాను. "నాకు నిన్న సాయంత్రమే తెలుసక్కయ్యా. కవరు విప్పినప్పుడే."

నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

"నీ స్థానంలో నేనున్నా చెప్పేదాన్ని కాదు" అంది. "నాకు భయం వేస్తోంది అందుకే."

కుళాయిల ఆయన మూడున్నరకు ఫోను చేయడం కాదు, నేరుగా ఆ శాఖకే వెళ్లి, ఆ అధికారి బల్ల ముందు కుర్చీ వేసుకుని, జాబితా వెళ్లేదాకా కదల్లేదట. శుక్రవారం సాయంత్రం అక్కయ్యకు ఫోను వచ్చింది. "ఎక్కాను అక్కా. ఇక్కడి వంటవాడికి ఉల్లిపాయ కోయడం కూడా రాదు" అన్నాడు తమ్ముడు. ఆవిడ ఆ మాటకు బావురుమంది. ఆవిణ్ని ఏడుస్తుండగా చూడటం అదే మొదలు. ఏం చేయాలో తోచక బిస్కెట్ల పొట్లం ఆవిడ ముందుకు జరిపాను.

ఆదివారం నాడు ఆ ఖాళీ ఓడ మీద ఒక 'సంఘటన' పడింది. ఓడ రెండు ముక్కలైంది. వంటగది ఉన్న సగం మునిగిపోయింది.

సభ రికార్డు అచ్చై వచ్చినప్పుడు అందులో చీటీ లేదు, నవ్వులు లేవు. చివరి పేజీలో సవరణ అని పెట్టి, "పద్దెనిమిది అని ఉన్నచోట పంతొమ్మిది అని చదువుకోగలరు" అని ఒకే ఒక్క వరస ఉంది. అక్కయ్య దాన్ని చాలాసేపు చూసింది. కత్తిరించి దాచుకుంటుందనుకున్నాను. పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టింది.

తర్వాతి సమావేశాలు మొదలయ్యాయి. మొదటి రోజే ఒక సభ్యుడి ప్రశ్న తీసి, పెన్సిలు ఎత్తి, ఆగింది. ఫోను తీసి ఆయనకు చేసింది. "మీ మూడో వరసలో 'గర్భిణులతో సహా' అని ఉందండీ. కోయబోతున్నాను. ఈ మాటలో ఎవరైనా ఉన్నారా?"

అవతల ఆయన ఏమన్నాడో తెలియదు. ఆవిడ చాలాసేపు వింది. ఫోను పెట్టేసి ఆ మాట జోలికి పోలేదు. అక్కణ్నుంచి అదే వరస. రోజుకు పది ఫోన్లు. ఈ మాటలో ఎవరైనా ఉన్నారా, ఆ మాటలో ఎవరైనా ఉన్నారా. ఆవిడకు మతి చలించిందని సభ్యుల కాఫీ గదిలో చెప్పుకున్నారు. పై అధికారి పిలిచి, పని ఆలస్యమవుతోందని మందలించాడు. ఆవిడ సరేనంది, మానలేదు. పదవీ విరమణ దాకా మానలేదు.

కుళాయిల ఆయన మాత్రం ఎప్పటిలాగే స్వయంగా వచ్చాడు. కాగితంలో 'దుర్మార్గపు' ఉంది.

"ఇందులో ఎవరైనా ఉన్నారా?" అంది అక్కయ్య.

"ఉన్నాడమ్మా. ఇంజనీరున్నాడు."

"ఇంకెవరూ లేరు కదా?"

"లేరు."

"అయితే కోస్తాను" అని పెన్సిలు ఆనించింది. ఆనించి, మళ్లీ తలెత్తి ఆయన్నే చూస్తూ, "బాగా ఆలోచించుకుని చెప్పండి" అంది.